గాలిగొట్టం దగ్గర ముగ్గురు

మరుగుదొడ్డి మీద కథేమిటని ముక్కు మూసుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆకివీడులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు నడుపుతున్నాను. ఒక చేత్తో రొయ్య పేగు కోస్తూ రెండో చేత్తో టీ తాగిన మనిషిని. నా చీరల్లో ఆ వాసనకే రెండు సంబంధాలు తప్పిపోయాయని మా వదిన అంటూ ఉంటుంది. పోతే పోయాయి. ఇప్పుడు చెప్పబోయేది సంబంధాల గురించి కాదు, సెప్టిక్ ట్యాంకు గురించి. అందులో తప్పు నాది కాబట్టి నేనే చెప్పాలి.

మా అన్నయ్య పెద్దిరాజుకి ఉప్పుటేరు పక్కన పన్నెండెకరాల రొయ్యల చెరువులున్నాయి. కరెంటు పోతే నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగి రొయ్యలన్నీ తేలిపోతాయన్న బెంగతో, ఊళ్ళో ఇల్లు వదిలేసి చెరువు గట్టు మీదే డాబా కట్టుకున్నాడు. డాబా బాగానే ఉంది. సెప్టిక్ ట్యాంకే ఏనాడూ బాగోలేదు. అక్కడ మూడడుగులు తవ్వితే ఊట. సిమెంటు ఒరలు దించి కట్టిన ట్యాంకులోకి బయటి నీళ్ళు ఊరిపోయేవి, లోపలి నీళ్ళు ఇంకిపోవడానికి చోటు ఉండేది కాదు. వాన పడితే కమోడ్ లోంచి నీళ్ళు ఎదురు తన్నేవి. లారీ తెచ్చి తోడిస్తే పదిహేను రోజులు, మళ్ళీ మామూలే.

ఇంట్లో ఉండేది ముగ్గురు: అన్నయ్య, వదిన అనంతలక్ష్మి, వాళ్ళమ్మాయి మృదుల. మృదుల నర్సింగ్ పూర్తిచేసి విశాఖపట్నంలో ఉద్యోగం పిలుపు కోసం ఎదురుచూస్తోంది. ఆ శ్రావణమాసంలో వారం రోజులు ముసురు పట్టింది. ఇరవై మూడేళ్ళ పిల్ల గొడుగు పట్టుకుని, బురదలో జారుతూ, పక్క చెరువు వాళ్ళింటికి మరుగుదొడ్డి కోసం వెళ్ళాల్సి వచ్చింది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నా దగ్గర మందు ఉందని, ఇంకా ఎవరికీ ఇవ్వలేదని, మీ ఇంటికే మొదట ఇస్తానని చెప్పాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మందంటే బాక్టీరియా. రెండేళ్ళు ల్యాబులో పెంచాను. అది రెండు పనులు చేస్తుంది. ట్యాంకులో మడ్డినంతా తినేస్తుంది. తింటూ తింటూ గోడల మీద పాల మీగడలాంటి పొర కడుతుంది, ఆ పొరలోంచి బయటి ఊట లోపలికి రాలేదు. అంతవరకూ బంగారం. అయితే అది తప్పించుకుని రొయ్యల చెరువులో పడితే రొయ్య పేగులు కూడా తినేస్తుంది. మా మండలమంతా మట్టి కొట్టుకుపోతుంది. అందుకని దానికి తాళం వేశాను. ఏ ఇంటి మనుషుల కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఆ ఇంటివే, పక్కింటి వాళ్ళతో కలవవు. ఏ ఇంటికి ఇస్తామో ఆ ఇంటి మనుషుల గుర్తు తగిలితేనే ఇది బతికేటట్టు, లేకపోతే చచ్చిపోయేటట్టు తయారుచేశాను.

గుర్తు పట్టించడానికి ముగ్గురి నమూనాలూ కావాలన్నాను. వదిన సిగ్గుతో చచ్చిపోయింది. చివరికి బస్సులో ఎవరికీ అనుమానం రాకూడదని మూడు సీసాలనూ ఖాళీ పూతరేకుల డబ్బాలో పెట్టి, దారం కట్టి పంపించింది. ల్యాబులో నా అసిస్టెంటు లలిత, స్వీట్లొచ్చాయని సంబరంగా విప్పింది. ఆ అమ్మాయి ఇప్పటికీ పూతరేకులు ముట్టుకోదు.

నెల తర్వాత వంద గ్రాముల పొడి ప్యాకెట్ తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టాను. పొడిని పొడిగానే తిన్నగా ట్యాంకులో వెయ్యాలి, ఇంకేమీ కలపకూడదు అని నోటితో చెప్పాను, ప్యాకెట్ మీద ఎర్ర సిరాతో రాశాను. మర్నాడే శిక్షణ తరగతులకని చెన్నై వెళ్ళిపోయాను.

మా అన్నయ్య ముప్పై ఏళ్ళ నుంచి రొయ్యల రైతు. చెరువు మందు ఏదైనా సరే, ఈ ప్రాంతంలో ఎవరూ పొడిగా చల్లరు. డ్రమ్ములో తవుడూ బెల్లమూ నీళ్ళూ కలిపి, మందు వేసి, గాలి గొట్టం పెట్టి, మూడు రోజులు పులియబెడతారు. గుప్పెడు మందు డ్రమ్ముడవుతుంది. అది ఇక్కడి మనుషులకి అన్నం వండినంత మామూలు పని. ఎర్ర సిరాతో రాసింది పట్నం చదువులవాళ్ళు రాసే మాటలని అన్నయ్య అనుకున్నాడు. పైగా ఏ ట్యాంకుకి వేస్తామో ఆ ట్యాంకు నీళ్ళతోనే పెంచితే జోరుగా ఉంటుందని, ఆ నీళ్ళే తోడి పోశాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి రోజుకి మూడుసార్లు కలిపాడు. వదిన పక్కనే నిలబడి బెల్లం చితక్కొట్టి వేసింది. మృదుల నురగ పొంగిపోకుండా గరిటెతో దించింది.

నెల తిరిగాక ఈ సంగతి గొప్పగా చెప్పాడు నాకు. తిట్టాను. కానీ అప్పటికి ట్యాంకు అద్దంలా ఉంది. మూత తీస్తే ఈగ లేదు, కంపు లేదు, నీళ్ళు సగానికి దిగి తేటగా ఉన్నాయి. గోడలంతా తెల్లటి పొర. తిట్టినదాన్నే నవ్వేశాను కూడా. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే జీవి, మూడు రోజులు బెల్లం తిని రెండొందల తరాలు పుట్టింది. రెండొందల తరాల్లో అది ఏమేం నేర్చుకుంటుందో లెక్కవెయ్యాల్సింది నేను. వెయ్యకుండా వదిన చేసిన రొయ్యల వేపుడు తిని ఇంటికొచ్చేశాను.

దీపావళి వెళ్ళిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ట్యాంకు పెరట్లో ఉంది. దాని మీద గాలి పోవడానికి ఎనిమిదడుగుల ప్లాస్టిక్ గొట్టం ఉండేది. దాన్ని ఎవరో నడుము ఎత్తుకి కోసేశారు. దాని చుట్టూ మూడు కుర్చీలున్నాయి. వంటింట్లో ఉండాల్సిన కత్తిపీట అక్కడే ఉంది, అన్నయ్య మందుల డబ్బా అక్కడే ఉంది, మృదుల ఫోన్ చార్జరు కిటికీలోంచి అక్కడిదాకా లాగి ఉంది. ఇదేమిటి వదినా, మనుషులు కూర్చునే చోటా ఇది అంటే, ఇక్కడైతే చల్లగా ఉంటుందంది. చల్లగా ఏమీ లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మాడ్చేస్తోంది.

హాల్లో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. రొయ్య ధర పడిపోయిన వైనం అన్నయ్య చెబుతున్నాడు. నాలుగు గంటలయింది. మాట మధ్యలో ఆపేసి లేచాడు. వదిన చేతిలో టీ గ్లాసు కింద పెట్టింది. లోపలి గదిలోంచి మృదుల వచ్చింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ముగ్గురూ వరసగా పెరట్లోకి వెళ్ళి ఆ గొట్టం చుట్టూ కూర్చున్నారు. నేను వెనకాలే వెళ్ళి మూత పక్కకి జరిపి చూశాను. లోపల నీళ్ళ మీది పొర మెల్లగా పొంగుతోంది, అణుగుతోంది. అన్నయ్య గుండెల వైపు చూశాను. అదే వరసలో ఎగసిపడుతున్నాయి. వదినవీ అంతే, పిల్లవీ అంతే.

"వాసన చూశావా చెల్లాయ్? కొత్త బియ్యం ఉడుకుతున్నట్టు లేదూ?" అన్నాడు అన్నయ్య కళ్ళు మూసుకుని.

నాకు ఏ వాసనా రాలేదు. ఆ సాయంత్రమే మూడు సీసాలు అడిగి తీసుకున్నాను. ఈసారి వదిన సిగ్గుపడలేదు.

సీసాలు పరీక్ష చేసేలోపే మృదులకి ఉద్యోగం పిలుపు వచ్చింది. సంతోషంగా వెళ్ళింది. హాస్టల్లో చేరిన మూడో రోజున ఇక్కడ ట్యాంకు పొంగింది. నాలుగో రోజున అక్కడ పిల్ల పడిపోయింది. తిన్నది నిలవదు, నిలబడితే కాళ్ళు తేలిపోతున్నాయి. పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చుకుని అన్ని పరీక్షలూ చేశారు, ఏమీ దొరకలేదు. ఆరో రోజున అన్నయ్య కారు మాట్లాడుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. నేను గట్టు మీదికి చేరేసరికి ఇద్దరు పట్టుకుని దింపుతున్నారు. ఇంట్లోకి తీసుకెళ్ళలేదు. తిన్నగా పెరట్లోకి తీసుకెళ్ళి గొట్టం దగ్గర కూర్చోబెట్టారు. గంటలో లేచి నిలబడింది. రెండు పళ్ళేల అన్నం తింది. ట్యాంకు నీళ్ళు ఆ సాయంత్రానికే దిగిపోయాయి.

అప్పుడు ల్యాబుకి వెళ్ళి ఆ మూడు సీసాలూ చూశాను. మామూలు మనిషి కడుపులో వందల రకాల సూక్ష్మజీవులుంటాయి. ఆ ముగ్గురి కడుపుల్లో ఒక్కటే ఉంది. నాది. ఈ ముగ్గురి గుర్తు తగిలిన చోటే బతకమని నేను తాళం వేస్తే, ఆ గుర్తు ఎక్కడ ఎక్కువుంటుందో అది వెతుక్కుంది. వాళ్ళ చేతుల మీదుగా, నోటి మీదుగా లోపలికి వెళ్ళి స్థిరపడింది. ట్యాంకులోంచి వచ్చే గాలి నాలుగు రోజులు తగలకపోతే కడుపులో ఉన్నది చచ్చిపోతుంది, చస్తూ విషం వదులుతుంది. ముగ్గురిలో ఒకరి వంతు రాకపోతే ట్యాంకులో ఉన్నది తిరగబడుతుంది. దానికి ట్యాంకు వేరూ మనుషులు వేరూ కాదు. అంతా కలిపి ఒకటే ఒళ్ళు. సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తి మూడు సీసాలకీ మూతలు బిగించాను. లలిత మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అన్నయ్యకీ వదినకీ చెబితే విన్నారు, తల ఊపారు, మాకేం తక్కువయిందే అన్నారు. ఇల్లు కదలాల్సిన పని లేదు, రోగం లేదు, రొష్టు లేదు. అమ్మాయి ఉద్యోగం మాటేమిటంటే, ఉద్యోగాలు చెయ్యకపోతే బతకరా అంది వదిన. ఆ పిల్లని నర్సింగ్ చదివించడానికి తండ్రితో ఏడాది పోట్లాడిన మనిషి ఆవిడ.

మృదుల నన్ను గేటు దాకా సాగనంపడానికి వచ్చింది. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"అత్తా, నాకిక్కడ హాయిగా ఉంది. అదే భయమేస్తోంది. ఇంకో నెలయితే నీకు ఈ మాట కూడా చెప్పను. నన్ను తీసుకుపో."

తీసుకొచ్చేశాను. అడగలేదు, చెప్పలేదు, నా స్కూటీ మీదే ఎక్కించుకొచ్చేశాను. ఆకివీడులో నాకు తెలిసిన డాక్టరుగారిని ఇంటికి పిలిపించాను. ముందు కడుపులో ఉన్నదాన్ని మందులతో చంపాలి, వెంటనే ఇంకో మనిషి కడుపులోని సూక్ష్మజీవులు తెచ్చి నాటాలి. మేనత్తని, ఒకే వంశం, ఒకే తిండి. నావే గొట్టం మాత్రల్లో నింపి మింగించాను. చంపే మందు పడ్డ రెండో రోజున పిల్ల నాడి దొరకలేదు. డాక్టరుగారు గుండె మీద చేతులు వేసి నొక్కుతుంటే నేను గోడకి చేరగిలబడి, దేవుణ్ణి నమ్మని దాన్ని, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. పన్నెండో రోజున లేచి, ఆవకాయ వేసుకుని పెరుగన్నం తింటానంది. నాకు ఏడుపు ఆగలేదు.

గట్టు మీద సంగతి వేరుగా ఉంది. ఈ పన్నెండు రోజులూ ట్యాంకు పొంగుతూనే ఉంది. మూత లేచిపోయి, తెల్లటి పొర వాకిలి దాకా పాకింది. అన్నయ్య మంచం పట్టాడు, వదిన గోడ పట్టుకుని నడుస్తోంది. అన్నయ్యకి రెండేళ్ళ కిందట గుండె ఆపరేషన్ అయింది. ఇరవై మూడేళ్ళ పిల్లే అంచుదాకా వెళ్ళొస్తే, ఆ మందు ఆయనకిచ్చే ప్రశ్నే లేదన్నారు డాక్టరుగారు. ట్యాంకుని చంపేస్తే ఇద్దరూ నాలుగు రోజుల్లో పోతారు. మూడో మనిషి వంతు ఎవరిదైనా పోస్తే ఊరుకుంటుందేమోనని చూశాను. పక్క చెరువు వాళ్ళది పోశాను, నాది పోశాను. గంటలో కమోడ్ లోంచి ఎదురు కక్కేసింది. తాళం వేసింది నేనే కదా, ఎంత గట్టిగా వేశానో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి మృదుల బ్యాగు సర్దుకుని కూర్చుంది. వదిన ఫోన్ చేసిందట. నాన్న నా మూలానే పోతున్నాడు, నేను వెళ్ళి గొట్టం దగ్గర కూర్చుంటే లేస్తాడు, ఒక మనిషి ఉద్యోగం ఎంత అత్తా అంది. మొహంలో రక్తం చుక్క లేదు, అయినా వెళ్ళడానికే నిశ్చయించుకుంది. నేను జీవితంలో నేర్పుగా ఆడిన అబద్ధం ఒక్కటే. ట్యాంకుకి విరుగుడు దొరికింది, సాయంత్రానికి నాన్న లేచి కూర్చుంటాడు, నువ్వు మధ్యాహ్నం రైలెక్కి ఉద్యోగంలో చేరు అన్నాను. శాస్త్రజ్ఞురాలైన మేనత్త మాట పిల్ల నమ్మింది. రైలు కదిలేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాను.

అక్కణ్ణించి ల్యాబుకి వెళ్ళాను. మందు వెయ్యకముందు మృదుల కడుపులోంచి తీసిన నమూనా ఫ్రిజ్‌లో ఉంది. అది ఆ పిల్ల గుర్తుతో ఉన్నదే, ట్యాంకు ఒప్పుకునేదే. నా కడుపులో నా సొంతవి ఉండగా ఇది నాటుకోదు. డాక్టరుగారు మృదులకి రాసిన మందు నేనూ మూడు రోజులు మింగాను. ఆ మూడు రోజులూ బాత్రూం గట్టు పట్టుకుని ఎలా బతికానో నాకూ లలితకీ తెలుసు. లలిత నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది, వద్దు మేడమ్ అని. నాలుగో రోజు పొద్దున్న సీసాలోది తాగేశాను. రుచి గురించి చెప్పను.

ఆటో మాట్లాడుకుని గట్టు మీదికి వెళ్ళాను. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు, ఏం తాగానో అసలు చెప్పలేదు. పెరట్లో గొట్టానికి అటూ ఇటూ రెండు మంచాలున్నాయి, ఒకదాని మీద అన్నయ్య. మూడో మంచం మీద దుప్పటి పరుస్తూ వదిన ఉంది. గోడ పట్టుకుని నడిచే మనిషి, దుప్పటి మాత్రం ముడత లేకుండా పరిచింది.

"రా కుసుమా. ఇవాళ వస్తావని తెలుసు," అంది.

"ఎలా తెలుసు వదినా?"

ఆవిడ నా మొహం వైపు కాదు, నా కడుపు వైపు చూసి నవ్వింది.

మర్నాటికి పొర వాకిట్లోంచి వెనక్కి వెళ్ళిపోయింది. మూడో రోజుకి నీళ్ళు సగానికి దిగాయి. అన్నయ్య లేచి కూర్చుని కాఫీ అడిగాడు, తర్వాత ఏరియేటర్లు చూసుకోవడానికి వెళ్ళాడు. వారం తిరిగాక ఒకనాడు నాలుగు గంటలకి, చెరువు నీళ్ళ పట్టీ రాసుకుంటున్న దాన్ని కలం పెట్టేసి లేచాను. గొట్టం దగ్గర కూర్చున్నాక తెలిసింది లేచానని. కొత్త బియ్యం ఉడుకుతున్న వాసన. అన్నయ్య సరిగ్గానే చెప్పాడు. అంత కమ్మటి వాసన నా జన్మలో చూడలేదు.

ఒప్పుకుంటున్నాను, మొదట్లో నాకు ఒక పథకం ఉండేది. అన్నయ్య గుండెకి దెబ్బ తగలకుండా మందు మోతాదు తగ్గించి, ఏడాది మీద నెమ్మదిగా చంపే దారి వెతకాలని. దానికి ల్యాబుకి వెళ్ళాలి. సంచీ సర్దుకుని ఆటో దాకా మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఏదో పని గుర్తొచ్చి వెనక్కొచ్చాను. ఆ పనులేమిటో ఇప్పుడు గుర్తు లేవు. ల్యాబు లలితే చూసుకుంటోంది. ఈ కాగితాలు కూడా ఆ అమ్మాయికే ఇస్తాను, నాకు ఇంకా రాయాలనిపిస్తున్నప్పుడే.

నిన్న మృదుల ఫోన్ చేసింది. పిల్ల గొంతు గలగలా ఉంది. హాస్టల్లో స్నేహితులు దొరికారట, రెండు కిలోలు పెరిగిందట, పిల్లల వార్డులో వేశారట. తనే చెప్పి తనే నవ్వుతోంది. నేను వింటూ కూర్చున్నాను. తర్వాత కాస్త తగ్గి అడిగింది.

"అత్తా, మూడు రోజులు సెలవిస్తారట. మిమ్మల్నందర్నీ చూడాలనుంది. రానా?"

దాని మొహం చూసి రెండు నెలలయింది. వాళ్ళమ్మా నాన్నా పక్కనే ఉన్నారు. చిక్కుడుకాయలు తుంచుతున్న వదిన చెయ్యి ఆగింది, అన్నయ్య చెయ్యి ఆగింది. ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. వాళ్ళకి ఫోన్ మాటలు వినిపించే అవకాశం లేదు.

"వద్దమ్మా, రావద్దు," అన్నాను.

"మళ్ళీ నాకు అంటుకుంటుందనా?"

అవునన్నాను. అది నిజమే, గొట్టం దగ్గర నాలుగో కుర్చీకి చోటు లేదన్నది మాత్రం చెప్పలేదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా మంచినీళ్ళ గ్లాసు చాలు దానికి. సరే అత్తా, ఒంట్లో జాగ్రత్త అని పిల్ల ఫోన్ పెట్టేసింది.

ఎవరే ఫోన్లో అని వదిన అడిగింది. మృదుల అన్నాను. ఓహో అని కాయ తుంచి గిన్నెలో వేసింది. బాగుందా అని అడగలేదు, తిందా అని అడగలేదు. అన్నయ్య గొట్టం వైపు కుర్చీ కొద్దిగా జరుపుకున్నాడు.

అప్పుడు నాకు ఏడుపు రావాలి. అంతమాత్రం నాకు తెలుసు. వస్తుందేమోనని ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కడుపు మాత్రం హాయిగా, నిండుగా ఉంది.